గోడలో డీపీసీ, నేల కింద షీటు: రెండూ కలిసే చోటే అసలు పని

మీరు అడిగినవి మూడు. ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద పోసే కాంక్రీటు దూలం) పోశాక దాని మీద మళ్ళీ డీపీసీ (గోడలోకి చెమ్మ ఎక్కకుండా అడ్డంగా వేసే పొర) అవసరమా? నేల కింద వేసే పాలిథీన్ షీటు ఏ పొర కింద రావాలి? ఆ షీటును గోడ దగ్గర ఎక్కడ ఆపాలి? బీమ్ ఉన్నా డీపీసీ కావాలి. షీటు ఫిల్లింగ్ (గది లోపల నింపే మట్టి) పైన, పీసీసీ (ఊచలు లేకుండా నేలకు పోసే కాంక్రీటు) కింద రావాలి. గోడ దగ్గర మాత్రం షీటును ఆపనే కూడదు, పైకి మడిచి డీపీసీతో కలపాలి. మొదటి రెండూ చాలామంది సరిగానే చేస్తారు. ఇళ్ళు చెడిపోయేది మూడోదాని దగ్గరే.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఇంటిని నిలువుగా కోసినట్టు బొమ్మ గీయండి. బయటి నేల, పునాది, బీమ్, గోడ, లోపలి ఫిల్లింగ్, పీసీసీ, టైల్స్ అన్నీ అందులో ఉండాలి. ఇప్పుడు ఒక పక్క బయటి గోడ ముఖం మీద పెన్సిల్ పెట్టండి. డీపీసీ మీదుగా గోడ మందం దాటి, నేల షీటు వెంట గది అంతా నడిచి, లోపలి గోడ కింద డీపీసీ ఎక్కి, పక్క గది షీటులోకి దిగి, అవతలి బయటి గోడ ముఖం దాకా పెన్సిల్ ఎత్తకుండా గీయగలగాలి. మధ్యలో ఎక్కడ ఎత్తాల్సి వచ్చిందో అక్కడ చెమ్మకు దారి వదిలినట్టే. ఏ కంపెనీ కెమికల్ మంచిదనే చర్చ ఆ గీత పూర్తయ్యాకే. మామూలు సరుకుతో గీత తెగకుండా వేసిన పని నిలబడుతుంది. ఖరీదైన సరుకు వేసి ఒక్క మూల వదిలేస్తే ఆ మూలే గదంతటికీ చేటు.

డీపీసీకి బదులు బీమ్ ఒక్కటే ఎందుకు చాలదో చెబుతాను. ఇటుకలోనూ సిమెంటు మోర్టార్‌లోనూ వెంట్రుకకంటే సన్నటి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి. ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకి పాకినట్టే మట్టిలోని నీరు వాటి వెంట పైకి ఎక్కుతుంది. గట్టిగా పోసిన కాంక్రీటులో ఈ పాకడం చాలా తక్కువగా ఉంటుంది గానీ పూర్తిగా ఆగదు. పైగా ప్లింత్ బీమ్‌లో అడుగున, రింగుల దగ్గర వైబ్రేటర్ సరిగా అందక కంకర తేలిన చోట్లు ఉండనే ఉంటాయి, పోత ఆపి మళ్ళీ మొదలుపెట్టిన జాయింట్లూ ఉంటాయి. బీమ్ పక్క ముఖాల మీద పూసిన ప్లాస్టరింగ్ అయితే మామూలు మోర్టారే, చెమ్మ దాని వెంట నేరుగా గోడ ప్లాస్టరింగ్‌లోకి వెళ్ళిపోతుంది. బీమ్ బరువును మోయడానికి పోసేది. చెమ్మను ఆపే పని డీపీసీది.

ఇక ఎత్తులు. టైల్ పైభాగాన్ని సున్నా అనుకుందాం. టైల్, దాని కింద మోర్టార్ కలిపి 50 మి.మీ., దాని కింద పీసీసీ 100 మి.మీ. అంటే షీటు మైనస్ 150 దగ్గర ఉంటుంది. డీపీసీ పైభాగం పీసీసీ పైభాగంతో సమానంగా, మైనస్ 50 దగ్గర పెట్టండి. డీపీసీ మందం 50 మి.మీ. కాబట్టి బీమ్ పైభాగం మైనస్ 100. ఈ లెక్క బీమ్ సెంటరింగ్ కట్టేటప్పుడే వేయాలి, తర్వాత సరిచేయడం కుదరదు. డీపీసీ టైల్ లెవెల్ కంటే పైకి పోతే, టైల్‌కీ డీపీసీకీ మధ్య మిగిలిన గోడ పట్టీ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సరిగ్గా స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే పట్టీ) వెనక. మరీ కిందికి పోతే, డీపీసీ పైన కట్టిన ఇటుకకు పక్కనుంచి ఫిల్లింగ్ మట్టి తగులుతుంది. కిందనుంచి రావాల్సిన చెమ్మ పక్కనుంచి వస్తుంది, అంతే తేడా.

బయటివైపు డీపీసీ పైభాగం, బయటి నేల కంటే కనీసం 150 మి.మీ. పైన ఉండాలి. వాన చినుకు నేల మీద పడి చిమ్మే ఎత్తును బట్టి పెట్టిన కొలత ఇది. ఇక్కడ నేల అంటే ఈ రోజు సైటులో కనిపించే మట్టి కాదు, చివరికి వేసే పేవింగ్ పైభాగం. తోట మట్టి పోస్తారు, ముందు ఖాళీ స్థలంలో రాళ్ళు పరుస్తారు, వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తారు. ఇవన్నీ కలిపి చూస్తే 150 అనేది అంచు మీద నిలబడ్డట్టు. వీలుంటే డీపీసీని 400 నుంచి 450 మి.మీ. పైన పెట్టుకోండి. మూడు మెట్లు ఎక్కువైనా ఫరవాలేదు.

డీపీసీ వేసే తీరు కొంచెం వివరంగా చెప్పాలి, సగం తప్పులు ఇక్కడే. బీమ్ పైభాగాన్ని వైరు బ్రష్‌తో రుద్ది, మట్టీ ఎండిన సిమెంటు పాలూ పోయేలా కడగండి. నీటి గొట్టంతో లెవెల్ చూసి, రెండు వైపులా నిటారైన చెక్కలు లేదా ఇనప చానళ్ళు బిగించండి. పైఅంచు సరిగ్గా 50 మి.మీ. ఎత్తు రావాలి. వెడల్పు గోడ మందం మొత్తం, 230 గోడకు 230. ఒక పక్క 20 మి.మీ. తక్కువైతే ఆ 20 మి.మీ. పట్టీలోంచే చెమ్మ ఎక్కుతుంది. కాంక్రీటు 1:1½:3 (సిమెంటు, ఇసుక, కంకర), కంకర 10 లేక 12 మి.మీ. చిప్స్. 50 మి.మీ. పోతలో 20 మి.మీ. కంకర వేస్తే సందులు పడతాయి.

లెక్క ఇలా వేసుకోండి. మీ గోడల పొడవు మొత్తం 40 మీటర్లు అనుకుంటే, 40 × 0.23 × 0.05, అంటే 0.46 ఘనమీటరు తడి కాంక్రీటు. పొడి సరుకుగా 1.54 రెట్లు, సుమారు 0.71 ఘనమీటరు. అందులో సిమెంటు 0.13 ఘనమీటరు, బరువులో 185 కిలోల చిల్లర, అంటే 4 బస్తాలు. ఇసుక 0.19, చిప్స్ 0.39 ఘనమీటరు. వాటర్‌ప్రూఫింగ్ కాంపౌండ్ ద్రవ రూపంలో ఉన్నవి చాలావరకు బస్తాకు 200 మి.లీ. లెక్కన వస్తాయి. డబ్బా మీది మోతాదు చూసుకుని కలిపే నీళ్ళలో పోయండి. పొడి సిమెంటు మీద చిలకరిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. నీళ్ళు బస్తాకు 25 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువుగా సాగుతుందని జారుగా కలిపితే, ఎక్కువైన నీరు ఆవిరైపోయి దాని చోట ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలను కాంపౌండ్ పూడ్చలేదు.

పోసిన కాంక్రీటును చెక్కతో బాగా దట్టించి లెవెల్ చేయండి, నున్నగా రుద్దకండి. వీలైనంత వరకు ఒకే రోజు ఆపకుండా పోయాలి. ఆపక తప్పకపోతే నిలువుగా కోసినట్టు ఆపండి, మర్నాడు ఆ ముఖాన్ని గరుకు చేసి, సిమెంటు పాలు పూసి కొనసాగించండి. ఏడు రోజులు తడి గోనెలు కప్పి నీళ్ళు పట్టాలి. తర్వాత ఆరనివ్వాలి. ఈ ఆరే సమయం కోసమే మేస్త్రికీ యజమానికీ గొడవ వస్తుంది, ఎందుకంటే పైకి పని జరుగుతున్నట్టు కనిపించదు. తడి కాంక్రీటుకు తారు పట్టదు, గోరుతో గీరితే పొరలా లేచి వస్తుంది. పూర్తిగా ఆరాక దుమ్ము ఊడ్చి, వేడి బిటుమెన్ (తారు) చదరపు మీటరుకు 1.7 కిలోల చొప్పున పూయండి. మన 40 మీటర్ల గోడకు 9.2 చదరపు మీటర్లు, అంటే సుమారు 16 కిలోలు. వేడిగా ఉండగానే దాని మీద పొడి ముతక ఇసుక చల్లండి. పై ఇటుకల మోర్టార్‌కు ఆ ఇసుకే పట్టు. ఇసుక చల్లకుండా నున్నటి తారు మీద గోడ కడితే, పక్కనుంచి నెట్టే బలం వచ్చినప్పుడు గోడ ఆ పొర మీద జారడానికి వీలుంటుంది. ఇదే కారణంతో భూకంపాల భయం ఉన్న చోట గోడ మందమంతా ఒట్టి పాలిథీన్ షీటు పరిచి దాని మీద ఇటుక కట్టడం మంచిది కాదు.

ఇప్పుడు కలిపే చోటుకు వద్దాం. కాలమ్‌లు, బీమ్‌లతో కట్టే ఫ్రేము ఇళ్ళలో గోడలు ముందు లేస్తాయి, పీసీసీ ఎప్పుడో తర్వాత పడుతుంది. అప్పటికి డీపీసీ మీద గోడ నిలబడి ఉంటుంది కాబట్టి నేల షీటును దాని మీదికి ఎక్కించే దారి ఉండదు. అందుకని మొదటి వరస ఇటుక పెట్టే ముందే, లోపలివైపు అంచు పొడవునా 325 మి.మీ. వెడల్పు పట్టీ ఒకటి పెట్టాలి. బిటుమెన్ ఫెల్టు అయినా, మందపాటి డీపీసీ షీటు అయినా సరే. అందులో 75 మి.మీ. వేడి తారులో అంటించి ఇటుక కిందికి, మిగిలిన 250 గదివైపు బయటికి. ఆ 250లో 100 మి.మీ. డీపీసీ అంచు, బీమ్ అంచు వెంట కిందికి దిగడానికి, 150 నేల షీటుతో అతుకుకి. లోపలి గోడలైతే రెండు వైపులా రెండు పట్టీలు. గోడ లేస్తున్నన్నాళ్ళూ ఆ పట్టీని పైకి మడిచి గోడకు ఆనించి, మేకు కొట్టకుండా, ముందు ఒక పలక నిలబెట్టి కాపాడండి. పరంజా కర్రల కింద నలిగి, రాలిన మోర్టార్ కింద గట్టిపడి, చివరికి ఎవరో కత్తితో కోసి పారేసిన పట్టీ ఉన్నా లేనట్టే.

పట్టీ పెట్టకుండానే గోడలు లేచిపోయి ఉంటే కంగారు పడనక్కర్లేదు. బీమ్ లోపలి ముఖాన్ని షీటు వచ్చే లెవెల్‌కు 100 మి.మీ. కింది దాకా తవ్వి, శుభ్రం చేసి, డీపీసీ అంచు పైదాకా పాలిమర్ కలిసిన సిమెంటు కోటింగ్ రెండు చేతులు వేయండి. డీపీసీ అంచు మీద పేరుకున్న మోర్టార్ ముద్దలు ముందే చెక్కేయాలి. కోటింగ్ ఆరాక, నేల షీటును పైకి మడిచి, బిటుమెన్ టేపుతో దాని మీద అంటించండి. మొదటి పద్ధతి అంత గట్టిది కాదు గానీ గీత కలుస్తుంది.

కాలమ్‌ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. డీపీసీని కాలమ్ లోంచి తీసుకుపోలేం, ఊచలు పైకి వెళ్ళాలి, కాంక్రీటు ఒకటిగా ఉండాలి. కాబట్టి అక్కడ గీత అడ్డంగా కాకుండా నిలువుగా వెళ్ళాలి. మట్టిలో పూడే కాలమ్ ముఖాలు నాలుగింటికీ, ఫుటింగ్ (కాలమ్ అడుగు దిమ్మ) నుంచి బీమ్ దాకా, మట్టి నింపక ముందే బిటుమెన్ లేదా సిమెంటు పాలిమర్ కోటింగ్ పూయండి. బీమ్ పైన కూడా డీపీసీ దాటి 150 మి.మీ. ఎత్తు దాకా అదే కోటింగ్. గోడ డీపీసీ వచ్చి కాలమ్‌కు తగిలే మూలను మోర్టార్‌తో గుండ్రంగా దిద్ది, దాని మీదుగా కోటింగ్ నడపండి. ఇది చేయని ఇళ్ళలో గది మూలల్లో మాత్రమే, కాలమ్ వెంట నిలువు పట్టీలా పెయింటు పొంగుతుంది. చూసినవాళ్ళు పైపు లీకేజీ అనుకుని పైప్‌లైన్ వెతుకుతుంటారు.

నేల పొరలు కింద నుంచి పైకి ఇలా రావాలి. ఫిల్లింగ్‌ను 150 నుంచి 200 మి.మీ. పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి మీటరు ఎత్తు నింపి నీళ్ళు వదిలితే అది తర్వాత దిగుతుంది, పీసీసీ పగులుతుంది, షీటు అతుకులు సాగి విడిపోతాయి. చెదల మందు వేసేటట్టయితే ఇక్కడే, షీటు పరచకముందే. తర్వాత మందు కోసం డ్రిల్లు పెడితే ప్రతి రంధ్రమూ షీటును చీలుస్తుంది. దాని మీద 100 నుంచి 150 మి.మీ. ఒకే సైజు కంకర, 20 నుంచి 40 మి.మీ. రాయి, డస్టు కలవకుండా. రాళ్ళ మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి నీరు వాటి వెంట పైకి పాకలేదు. డస్టు కలిసిందంటే ఆ లాభం పోయింది. కంకర మొనలు షీటును గుచ్చకుండా పైన 25 నుంచి 50 మి.మీ. ఇసుక పరిచి లెవెల్ చేయాలి. దాని మీద షీటు.

షీటు కనీసం 250 మైక్రాన్లు, అంటే 1000 గేజ్. అతుకులు 150 మి.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కించి, దుమ్ము తుడిచి, రెండు అంచుల్లోనూ టేపు వేయాలి. 100 చదరపు మీటర్ల నేలకు అతుకులు, మడతలు కలిపి 120 చదరపు మీటర్లు తెప్పించుకోండి. పైపు లేచే చోట గుండ్రంగా కోసి వదిలేయకండి. గుణకారపు గుర్తులా కోసి, ఆ చెక్కలు పైపు వెంట పైకి లేచేలా తొడిగి, ఇంకో ముక్కతో చుట్టి టేపుతో బిగించండి. పీసీసీ పోసేటప్పుడు తోపుడు బండి నేరుగా షీటు మీద తిరగకూడదు, పలకలు పరవండి. పోసే ముందు షీటు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చదరపు మీటరూ చూడాలి. చిరుగు దొరికితే చుట్టూ 150 మి.మీ. దాటే ముక్క అంటించండి. ఈ పావుగంట పనిని ఎవరికీ వదలకండి, కాంక్రీటు పడ్డాక చూడటానికి ఏమీ ఉండదు.

షీటు మీద పోసిన కాంక్రీటులోని నీరు కిందికి ఇంకదు, పైకే తేలుతుంది. అందుకని గట్టిపడటం ఆలస్యమవుతుంది. పైన నీరు మెరుస్తుండగా తాపీతో రుద్దితే ఆ పొర తర్వాత పొడిగా రాలుతుంది. మెరుపు పోయేదాకా ఆగాలి. నీరు త్వరగా పోవాలని షీటుకు బొక్కలు పెట్టేవాళ్ళు ఉన్నారు. దానికంటే షీటు వేయకపోవడమే నయం, కనీసం ఉందన్న భ్రమ ఉండదు. చెక్క ఫ్లోరింగ్ వేసేటట్టయితే నేల ఆరడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పైపూతగా వేసే మోర్టార్‌కే, 50 మి.మీ. లోపు మందానికి, మి.మీ.కు ఒక రోజు లెక్క వేస్తారు.

గుమ్మాల దగ్గర గోడ ఉండదు కాబట్టి డీపీసీ ఆపేస్తారు, అది తప్పు కాదు. కానీ అక్కడ రెండు గదుల షీట్లు గడప కింద ఒకదాన్నొకటి కలవాలి. కలవకపోతే ద్వారబంధం కాళ్ళే ముందుగా పుచ్చుతాయి. నేల రెండు ఎత్తుల్లో ఉన్న చోట, ఉదాహరణకు గది నుంచి 300 మి.మీ. దిగే హాలు ఉంటే, మధ్య గోడకు పై నేల డీపీసీ ఒకటి, కింది నేల డీపీసీ ఒకటి, ఆ రెంటినీ కలుపుతూ మట్టి తగిలే ముఖం మీద నిలువు పొర ఒకటి కావాలి. అడ్డంగా రెండూ వేసి నిలువుది మరచిపోతే మధ్యనున్న 300 మి.మీ. పట్టీకి మట్టి పక్కనుంచి తాకుతూనే ఉంటుంది.

అన్నీ సరిగా చేసి చివర్లో చెడగొట్టుకునే పనులు కొన్ని ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది బయటి ప్లాస్టరింగ్‌ను డీపీసీ మీదుగా నేల దాకా ఒకే పూతగా లాగేయడం. చెమ్మ డీపీసీని తాకకుండా పూత వెంట పైకి వెళ్ళిపోతుంది. డీపీసీ లెవెల్ దగ్గర పై పూతను ఆపి, 10 మి.మీ. వెడల్పు గాడి వదలండి. ఆ గాడిలో డీపీసీ అంచు కనిపించాలి. కింద ప్లింత్‌కు వేరుగా పూత వేసుకోండి. లోపల కూడా ఇంతే, గోడ ప్లాస్టరింగ్ పీసీసీని తాకకుండా 10 మి.మీ. పైన ఆగాలి, ఆ సందును స్కర్టింగ్ కప్పేస్తుంది. రెండోది వరండా, మెట్లు, ర్యాంపు, పూలకుండీ దిమ్మ లాంటివి తర్వాత తెచ్చి గోడకు ఆనించి పోయడం. వాటి పైభాగం డీపీసీని దాటితే, గోడకూ వాటికీ మధ్య బిటుమెన్ పొర నిలువుగా, వాటి పైభాగం కంటే 150 మి.మీ. ఎత్తు దాకా రావాలి. ఇంటి గోడకు కలిపి కట్టే ప్రహరీ కూడా ఇదే కోవలోకి వస్తుంది. దానికి డీపీసీ ఉండదు కాబట్టి కలిసే చోట నిలువు పొర తప్పదు.

బాత్రూమ్ సంగతి వేరే పెద్ద విషయం. ఇక్కడికి కావలసింది ఒకటే: అక్కడి వాటర్‌ప్రూఫింగ్ పొర గోడ మీద 300 మి.మీ., షవర్ వెనక 1800 మి.మీ. ఎక్కాలి, గుమ్మం దగ్గర బయటి గది వైపు నేలలోకి జారకుండా గడప మీదికి లేవాలి. టైల్స్ వేసే ముందు 48 గంటలు నీళ్ళు నిలబెట్టి కింద, పక్క గోడల్లో చూడండి. కిటికీ సిల్ రాయి కిందా పిట్టగోడ పైకట్టు కిందా ఒక్కో డీపీసీ పొర వేసి, సిల్ దగ్గర చివరలు పైకి మడవండి. రాయి గోడ ముఖం దాటి 40 నుంచి 50 మి.మీ. ముందుకు వచ్చి, అడుగున నీటి గాడి ఉండాలి.

పాత గదిలో ఇప్పటికే చెమ్మ ఉందని కూడా రాశారు. కింద నుంచి ఎక్కే చెమ్మ మామూలుగా మీటరు ఎత్తు దాటదు. పైఅంచున అలల్లాంటి గీత, దాని మీద తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తాయి. కిటికీ పక్కన, శ్లాబు కింద మచ్చలు పడితే అవి వాన నీరో పైపు నీరో, డీపీసీతో సంబంధం లేదు. నేలకైతే 45 సెం.మీ. చదరపు పారదర్శకమైన పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. ముక్క అడుగున నీటి బిందువులు చేరితే చెమ్మ నేల నుంచి వస్తోంది. ముక్క పైన చేరితే అది గదిలోని గాలి తేమ, దానికి కావలసింది గాలి ఆడటం. గోడ పాడైన చోట ప్లాస్టరింగ్‌ను మచ్చ పైఅంచు దాటి 300 మి.మీ. దాకా చెక్కేయక తప్పదు. ఆ పూతలో చేరిన లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటాయి, కింద దారి మూసేసినా మచ్చ మళ్ళీ వస్తుంది. చెక్కాక గోడ ఆరడానికి ఇటుక కనిపించేలా కొన్ని నెలలు వదలండి. తొందరపడి టైల్స్ అతికిస్తే చెమ్మ బయటికి రాలేక టైల్ పైఅంచు దాటి ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది.